డిగ్లీపూర్ దారుల్లో రేపటి మోటార్‌సైకిల్: పెట్రోలు తరువాత ఏమిటి?

అండమాన్ నికోబార్ దీవుల ఉత్తర కొసన ఉన్న పట్టణం డిగ్లీపూర్. ఇక్కడ ఒక మోటార్‌సైకిల్ ట్యాంకులో పడే ప్రతి లీటరు పెట్రోలూ బంగాళాఖాతం దాటి వచ్చినదే. పూర్వం పోర్ట్ బ్లెయిర్‌గా పిలిచిన శ్రీ విజయపురం నుంచి సముద్రమార్గాన చెన్నై సుమారు 1,190 కిలోమీటర్ల దూరం, విశాఖపట్నం 1,200 కిలోమీటర్ల దూరం, కోల్‌కతా 1,255 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. శ్రీ విజయపురం నుంచి డిగ్లీపూర్ చేరాలంటే అండమాన్ ట్రంక్ రోడ్డు మీద మరో 325 కిలోమీటర్లు ప్రయాణించాలి. దట్టమైన అడవిని, జలసంధులను దాటుకుంటూ సాగే ఆ దారిలో బస్సుకు పగలంతా పడుతుంది.

ఇంత దూరం నుంచి వచ్చే ఇంధనం ధర మండిపోవాలి. జరుగుతున్నది అందుకు విరుద్ధం. దేశంలో పెట్రోలు అత్యంత చౌకగా దొరికే ప్రాంతాల్లో అండమాన్ ముందు వరుసలో ఉంది. 2025లో హైదరాబాద్ వాసి లీటరుకు 107 రూపాయల పైన, విజయవాడ వాసి సుమారు 109 రూపాయలు చెల్లిస్తుండగా, శ్రీ విజయపురంలో ధర 82 రూపాయల చెంత ఉంది. కారణం చమురులో లేదు, పన్నులో ఉంది. ఈ కేంద్రపాలిత ప్రాంతంలో పెట్రోలుపై అమ్మకపు పన్ను ఒక్క శాతమే. పెట్రోలుకు ప్రత్యామ్నాయం వెతకవలసిన అవసరం అందరికన్నా ఎక్కువగా ఉన్నచోటే ఆ వెతుకులాటకు ప్రోత్సాహం అందరికన్నా తక్కువగా ఉండటం ఈ దీవుల ప్రత్యేకత. మోటార్‌సైకిల్ భవిష్యత్తు గురించి దేశమంతటా సాగుతున్న చర్చ డిగ్లీపూర్ చేరేసరికి కొత్త రూపం దాల్చడానికి మూలం ఇదే.

భారతదేశంలో నమోదైన వాహనాల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ద్విచక్ర వాహనాలే. డిగ్లీపూర్ వంటి చోట ఆ బండి విలాసం కాదు. ఏరియల్ బే రేవుకు వెళ్లే మత్స్యకారుడికి, కాలీపూర్ తీరానికి వెళ్లే పర్యాటకుడికి, దూరపు పల్లె నుంచి ఆసుపత్రికో తహశీల్దారు కార్యాలయానికో వచ్చే రైతుకు బస్సు లేని వేళల్లో ఉన్న ఏకైక ఆధారం అది. 1950లలో తూర్పు బెంగాల్ నుంచి తరలివచ్చిన శరణార్థి కుటుంబాలు అడవి నరికి ఏర్పరచుకున్న ఊళ్లు ఇవి. తరువాతి కాలంలో తమిళులు, తెలుగువారు కూడా దీవులలో స్థిరపడ్డారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాషగా గలవారు 13 శాతానికి పైగా ఉన్నారు. వారిలో శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వెళ్లిన మత్స్యకార కుటుంబాలు గణనీయం. పెట్రోలు ఓడ ఆలస్యమైతే ఏమవుతుందో వీరికి ఎవరూ వివరించనక్కరలేదు. తుపాను హెచ్చరిక వస్తే నౌకలు ఆగుతాయి. 2002 సెప్టెంబరులో డిగ్లీపూర్ సమీపాన వచ్చిన భూకంపం, 2004 డిసెంబరు 26 నాటి సునామీ రేవులనూ దారులనూ ఎంత సులువుగా స్తంభింపజేయగలవో చూపించాయి.

బొగ్గు బస్సుల నాటి నుంచి

ప్రత్యామ్నాయ ఇంధనం అనగానే అది ఈ శతాబ్దపు మాటలా తోస్తుంది. తెలుగునాట దాని చరిత్ర పాతది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలుకు కరవు వచ్చినప్పుడు బొగ్గును కాల్చి పుట్టించిన వాయువుతో బస్సులు నడిచాయి. పెద్దల నోట ‘బొగ్గు బస్సు’ అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. నిజాం రాష్ట్రంలోని బోధన్ చక్కెర కర్మాగారంలో చెరకు మడ్డి నుంచి పవర్ ఆల్కహాల్ తయారైంది. పెట్రోలులో ఆల్కహాల్ కలపడానికి చట్టపరమైన వీలు కల్పిస్తూ స్వతంత్ర భారత ప్రభుత్వం 1948లోనే పవర్ ఆల్కహాల్ చట్టం చేసింది. చమురు చౌకగా దొరికినంత కాలం ఆ చట్టం కాగితాలకే పరిమితమై, 2000 సంవత్సరంలో రద్దయింది.

మోటార్‌సైకిళ్లలోనూ ఇటువంటి ప్రయోగాలు లేకపోలేదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ కొంతకాలం 325 సీసీ డీజిల్ ఇంజిన్‌తో బుల్లెట్ బండిని అమ్మింది. వేగం లేదు, పొగ ఎక్కువ, కానీ మైలేజీ మాత్రం అమోఘం. పల్లెల్లో పాలవ్యాపారులూ రైతులూ దాన్ని ఇష్టపడ్డారు. కాలుష్య నిబంధనలు బిగుసుకోవడంతో అది తెరమరుగైంది. ఇంధనం మారితే బండి స్వభావం, దాన్ని వాడే మనిషి కూడా మారతారనడానికి ఆ డీజిల్ బుల్లెట్ మంచి నిదర్శనం.

ఇథనాల్: దేశమంతా ఉన్నది, దీవుల్లో లేనిది

నేడు భారతీయ మోటార్‌సైకిల్‌ను అత్యంత వేగంగా మారుస్తున్న ప్రత్యామ్నాయ ఇంధనం ఇథనాల్. పెట్రోలులో 10 శాతం ఇథనాల్ మిశ్రమాన్ని దేశం 2022 జూన్‌లో, గడువుకు ఐదు నెలల ముందే అందుకుంది. 20 శాతం మిశ్రమమైన ఈ-20 పెట్రోలును 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ప్రారంభించారు. 2030 నాటికి చేరాలనుకున్న ఆ లక్ష్యాన్ని ముందుకు జరిపి 2025లోనే అందుకున్నారు.

ఈ మార్పుకు మోటార్‌సైకిల్ యజమాని చెల్లించే మూల్యం ఎంత? ఒక లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి అదే పరిమాణం గల పెట్రోలులోని శక్తిలో సుమారు మూడింట రెండు వంతులు మాత్రమే. అందువల్ల మిశ్రమం చిక్కనయ్యే కొద్దీ మైలేజీ తగ్గడం సహజం. పాత ప్రమాణాలతో తయారై 10 శాతం మిశ్రమానికి సర్దుబాటు చేసిన ద్విచక్ర వాహనాల్లో ఈ-20 వాడితే మైలేజీ 3 నుంచి 4 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన నివేదిక అంచనా వేసింది. మైలేజీ సంగతి అలా ఉంచితే, పాత బండ్లలోని రబ్బరు గొట్టాలు, వాషర్లు, కార్బురేటర్ భాగాలు ఇథనాల్‌ను ఎంతకాలం తట్టుకుంటాయన్నది మరో ప్రశ్న. 2023 ఏప్రిల్ నుంచి తయారైన వాహనాల విడిభాగాలు ఈ-20కి తగినవి. అంతకు ముందువి రోడ్ల మీద కోట్ల సంఖ్యలో ఉన్నాయి.

డిగ్లీపూర్ వాసికి ఈ చర్చ ఇంతకాలం దూరపు వార్తగానే ఉండటానికి కారణం ఉంది. ఇథనాల్ మిశ్రమ పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2019 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటికీ విస్తరించినప్పుడు రెండే ప్రాంతాలను మినహాయించింది: అండమాన్ నికోబార్ దీవులు, లక్షద్వీప్. ఆ మినహాయింపు వెనుక గల సాంకేతిక కారణాన్ని ఊహించడం కష్టం కాదు. ఇథనాల్‌కు నీటిని పీల్చుకునే గుణం ఉంది. గాలిలోని తేమను సైతం అది గ్రహిస్తుంది. నీరు ఒక స్థాయి మించితే ఇథనాల్ పెట్రోలు నుంచి విడిపోయి, నీటితో కలిసి ట్యాంకు అడుగుకు చేరుతుంది. ఆ అడుగు ద్రవం ఇంజిన్‌లోకి వెళితే బండి ఆగిపోతుంది. ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. సముద్రంపై రోజుల తరబడి ప్రయాణం, నిల్వ, ఏడాదికి సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వర్షం, ఉప్పుగాలి ఉన్న చోట ఇది పుస్తకాల్లోని సమస్య కాదు.

అయితే ఈ మినహాయింపుకు మరో ముఖం ఉంది. దేశంలో తయారయ్యే కొత్త మోటార్‌సైకిళ్లన్నీ ఈ-20ని దృష్టిలో ఉంచుకుని రూపొందుతున్నాయి. అంతకు మించి వెళ్లే బండ్లూ వచ్చాయి. బ్రెజిల్‌లో హోండా 2009లోనే పెట్రోలుతోనూ ఇథనాల్‌తోనూ నడిచే మోటార్‌సైకిల్‌ను విడుదల చేసింది. భారతదేశంలో టీవీఎస్ 2019 జులైలో పూర్తి ఇథనాల్‌తో నడిచే అపాచీని, హోండా 2024లో 85 శాతం ఇథనాల్ వరకు వాడగల సీబీ300ఎఫ్‌ను, సుజుకి 2025 ఆరంభంలో జిక్సర్ ఎస్‌ఎఫ్ 250ని తెచ్చాయి. ఇంధనం పోసే బంకు లేకపోవడం వీటి ప్రధాన అవరోధం. 2024 మార్చిలో ఐదు రాష్ట్రాల పరిధిలోని 183 బంకుల్లో ఇండియన్ ఆయిల్ ఈ-100 అమ్మకం మొదలుపెట్టింది. దీవులకు అది రావడానికి సమీపకాలంలో మార్గం కనిపించదు. వచ్చినా ఒరిగేది పరిమితమే. ఇథనాల్ కూడా చెరకూ మొక్కజొన్నా నూకలూ పండే ప్రధాన భూభాగం నుంచి ఓడలోనే రావాలి. పైగా శక్తి తక్కువ గనుక అదే దూరం తిరగడానికి ఎక్కువ లీటర్లు మోసుకురావాలి.

ప్రధాన భూభాగంలో సైతం ఇథనాల్ నిర్వివాదం కాదు. 2024 నవంబరులో తెలంగాణలోని నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ కర్మాగారానికి వ్యతిరేకంగా గ్రామస్థులు రోడ్డెక్కారు. నీరు, కాలుష్యం వారి ప్రధాన ఆందోళనలు. బండి పొగగొట్టం వద్ద తగ్గిన కాలుష్యం మరెక్కడో పొలం గట్టున తేలకూడదన్న వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేము.

విద్యుత్తు బండి, డీజిల్ విద్యుత్తు

2024-25లో దేశంలో అమ్ముడైన ద్విచక్ర వాహనాల్లో విద్యుత్తువి ఆరు శాతం చొప్పున ఉన్నాయి. అందులోనూ అత్యధికం స్కూటర్లే. గేర్లు మారుస్తూ, ట్యాంకును మోకాళ్ల మధ్య బిగించి నడిపే సంప్రదాయ మోటార్‌సైకిల్ విషయంలో మార్పు నెమ్మదిగా ఉంది. 2019లో రివోల్ట్, 2022లో బెంగళూరుకు చెందిన అల్ట్రావయొలెట్, అదే ఏడాది ఐఐటీ హైదరాబాద్‌లో అంకురించిన ప్యూర్ ఈవీ విద్యుత్ మోటార్‌సైకిళ్లను మార్కెట్లోకి తెచ్చాయి. బుల్లెట్ శబ్దమే తన చిరునామాగా చేసుకున్న రాయల్ ఎన్‌ఫీల్డ్ కూడా 2024 నవంబరులో ‘ఫ్లయింగ్ ఫ్లీ’ పేరిట విద్యుత్ బండిని ప్రదర్శించింది. యుద్ధకాలంలో పారాచూట్‌తో విమానం నుంచి జారవిడిచిన తన చిన్న మోటార్‌సైకిల్ పేరునే దానికి పెట్టుకుంది. ఆ శబ్దం లేని ఎన్‌ఫీల్డ్‌ను అభిమానులు ఎంతవరకు అంగీకరిస్తారన్నది ఇంజనీరింగ్‌తో తేలే విషయం కాదు.

దీవుల విషయానికి వస్తే, విద్యుత్ బండి గురించి అడగవలసిన మొదటి ప్రశ్న మరొకటి: ఆ విద్యుత్తు దేనితో పుడుతోంది? అండమాన్ నికోబార్‌కు జాతీయ గ్రిడ్‌తో సంబంధం లేదు. ఇక్కడి విద్యుత్తులో అధిక భాగం డీజిల్ జనరేటర్ల నుంచి వస్తుంది. ఆ డీజిల్ కూడా ఓడలోనే వస్తుంది.

లెక్క వేసి చూస్తే సంగతి తేటపడుతుంది. ఒక లీటరు డీజిల్ నుంచి మంచి జనరేటర్ సుమారు మూడున్నర యూనిట్ల విద్యుత్తు ఇస్తుంది. తీగల్లో పోయేది తీసివేస్తే ఇంటి ప్లగ్గుకు మూడు యూనిట్లు చేరతాయనుకోవచ్చు. సాధారణ విద్యుత్ ద్విచక్ర వాహనం, ఛార్జింగ్ నష్టాలతో కలిపి, కిలోమీటరుకు 40 వాట్-అవర్ల వరకు వాడుకుంటుంది. అంటే ఆ లీటరు డీజిల్‌తో బండి 75 కిలోమీటర్లు నడుస్తుంది. లీటరు పెట్రోలుతో 100 సీసీ మోటార్‌సైకిల్ 60 కిలోమీటర్లు నడుస్తుంది. లీటరు పెట్రోలు మండితే 2.3 కిలోలు, డీజిల్ మండితే 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. కిలోమీటరు లెక్కన పెట్రోలు బండి 38 గ్రాములు, డీజిల్ విద్యుత్తుతో నడిచే బండి 36 గ్రాములు. వ్యత్యాసం నామమాత్రం. కార్ల విషయంలో వినిపించే గొప్ప ఆదా ఇక్కడ కనబడకపోవడానికి కారణం, భారతీయ 100 సీసీ మోటార్‌సైకిల్ ఇప్పటికే ప్రపంచంలో అత్యంత పొదుపరి యంత్రాలలో ఒకటి కావడమే.

డబ్బు లెక్క వేరు. లీటరు 82 రూపాయల పెట్రోలుతో, రద్దీ, ఎత్తుపల్లాలు కలిపి 55 కిలోమీటర్ల మైలేజీ వచ్చినా కిలోమీటరుకు రూపాయిన్నర ఖర్చు. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే విద్యుత్ బండికి అదే కిలోమీటరుకు పావలా కూడా పడదు. రోజుకు 20 కిలోమీటర్లు తిరిగే వ్యక్తికి ఏడాదికి మిగిలేది సుమారు 9 వేల రూపాయలు. హైదరాబాద్‌లో అదే వ్యక్తికి 12 వేల 500 వరకు మిగులుతుంది. పెట్రోలుపై తక్కువ పన్ను విద్యుత్ బండి ఆకర్షణను ఎంత తగ్గిస్తోందో ఈ తేడాయే చెబుతుంది. కేంద్రం ఇచ్చే రాయితీ కూడా క్షీణిస్తోంది. 2024 అక్టోబరులో మొదలైన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో ద్విచక్ర వాహనానికి తొలి ఏడాది గరిష్ఠంగా 10 వేలు, మరుసటి ఏడాది 5 వేల రూపాయలు మాత్రమే.

పైగా దీవుల్లో యూనిట్ ఉత్పత్తికి అయ్యే ఖర్చు వినియోగదారుడు చెల్లించే ధరకు ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ లోటును ప్రభుత్వం భరిస్తోంది. పెట్రోలు బండికయ్యే ఇంధనం ఖర్చు నడిపేవాడి జేబులోంచి పోతుంది. డీజిల్ విద్యుత్తుతో నడిచే బండి ఖర్చులో పెద్ద వాటా ఖజానా మీద పడుతుంది. విద్యుత్ వాహనాలను ప్రోత్సహించే పథకాలు రచించేటప్పుడు ఈ సూక్ష్మం మరుగున పడుతూ ఉంటుంది.

కల్పాంగ్ చేసే తేడా

డిగ్లీపూర్ మిగతా దీవులకు భిన్నంగా నిలిచేది ఇక్కడే. అండమాన్‌లో ఎత్తైన శిఖరం, 732 మీటర్ల శాడిల్ పీక్ పరిసరాల్లో పుట్టి ఉత్తరంగా ఏరియల్ బే వైపు ప్రవహించే కల్పాంగ్ నది మీద ఎన్‌హెచ్‌పీసీ నిర్మించిన జలవిద్యుత్ కేంద్రం 2001లో పనిచేయడం ప్రారంభించింది. 1.75 మెగావాట్ల యంత్రాలు మూడు, మొత్తం 5.25 మెగావాట్లు. ప్రధాన భూభాగపు కొలతల్లో ఇది చిన్న పిల్లకాలువ వంటిది. నాగార్జునసాగర్ ప్రధాన కేంద్రం సామర్థ్యం 800 మెగావాట్ల పైమాటే. కానీ ఈ దీవుల్లో ఇదే మొట్టమొదటి జలవిద్యుత్ కేంద్రం. ఏడాదికి సుమారు కోటీ 48 లక్షల యూనిట్లు ఉత్పత్తి చేయాలన్నది దాని రూపకల్పన అంచనా.

ఈ నీటితో ఎన్ని బండ్లు నడుస్తాయి? ఊహకు, ఈ ప్రాంతంలో ఐదు వేల ద్విచక్ర వాహనాలు విద్యుత్తుకు మారాయనీ, ఒక్కొక్కటి రోజుకు 20 కిలోమీటర్లు తిరుగుతుందనీ అనుకుందాం. రోజుకు కావలసినది నాలుగు వేల యూనిట్లు, ఏడాదికి 14 లక్షల 60 వేల యూనిట్లు. కల్పాంగ్ వార్షిక ఉత్పత్తిలో ఇది పదో వంతుకు కాస్త అటూఇటుగా ఉంటుంది. అంటే నీరు చాలుతుంది.

చాలనిది వేరొకటి ఉంది. సాయంత్రం ఏడింటికి పని ముగించుకుని ఇల్లు చేరిన ఆ ఐదు వేల మందీ ఒకేసారి బండికి ప్లగ్గు పెడితే, ఒక్కో ఛార్జరు 700 వాట్ల చొప్పున లాగినా, మూడున్నర మెగావాట్ల భారం ఆ క్షణాన పడుతుంది. దీపాలూ ఫ్యాన్లూ టీవీలూ అప్పుడే నడుస్తుంటాయి. కేంద్రం మొత్తం సామర్థ్యం 5.25 మెగావాట్లు. లోటు పూడ్చడానికి మళ్లీ డీజిల్ జనరేటర్లే దిక్కు. పైన చెప్పిన లెక్క మొదటికి వస్తుంది. అదే ఛార్జింగ్‌ను రాత్రి 11 నుంచి తెల్లవారుజాము 5 వరకు పరచగలిగితే భారం 700 కిలోవాట్ల లోపే ఉంటుంది. ఇందుకు కావలసినది కొత్త ఆనకట్ట కాదు. రాత్రివేళకు తక్కువ ధర నిర్ణయించే మీటరు, దాన్ని పాటించే అలవాటు.

రుతువు లెక్క కూడా చూడాలి. జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఈ దీవుల్లో వాన తక్కువ. జలాశయం మట్టం తగ్గి, డీజిల్ అవసరం పెరిగే నెలలవి. అయితే అవే నెలల్లో ఆకాశం నిర్మలంగా, ఎండ పుష్కలంగా ఉంటుంది. ఇంటి కప్పు మీద ఒక కిలోవాట్ సౌరఫలకాలు ఎండ బాగున్న రోజున నాలుగు యూనిట్ల వరకు ఇస్తాయి; అది బండిని వంద కిలోమీటర్లు నడిపిస్తుంది. వర్షాకాలంలో నది, ఎండాకాలంలో సూర్యుడు ఒకరి లోటు ఒకరు పూరించే ఇటువంటి పొందిక దేశంలో అన్నిచోట్లా దొరకదు. దక్షిణ అండమాన్‌లో ఎన్‌ఎల్‌సీ సంస్థ 20 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రాన్ని 8 మెగావాట్-అవర్ల బ్యాటరీ నిల్వతో నెలకొల్పింది. ఉత్తర అండమాన్‌లో ఆ పాత్రను కొంతవరకు జలాశయమే పోషించగలదు. పగలు ఎండ పనిచేస్తుంటే నీటిని ఆపి ఉంచి, రాత్రి వదలవచ్చు.

సీఎన్‌జీ, హైడ్రోజన్, కొబ్బరి నూనె

ప్రపంచంలో తొలి సీఎన్‌జీ మోటార్‌సైకిల్‌గా బజాజ్ ఫ్రీడమ్ 125 పుణెలో 2024 జులై 5న విడుదలైంది. రెండు కిలోల గ్యాసు, రెండు లీటర్ల పెట్రోలు కలిపి 330 కిలోమీటర్లు నడుస్తుందని సంస్థ ప్రకటించింది. నగరాల్లో గ్యాసు బంకులున్నచోట దానికి ఆదరణ ఉండవచ్చు. అండమాన్‌లో సీఎన్‌జీ సరఫరాయే లేదు. 2025 సెప్టెంబరులో అండమాన్ తూర్పు తీరానికి 17 కిలోమీటర్ల దూరంలో ఆయిల్ ఇండియా తవ్విన శ్రీ విజయపురం-2 బావిలో సహజవాయువు ఆనవాళ్లు కనిపించాయని కేంద్ర పెట్రోలియం మంత్రి ప్రకటించారు. నిల్వల పరిమాణం తేలి, వాణిజ్య ఉత్పత్తి మొదలై, గొట్టపు మార్గం తీరం చేరడం ఏళ్లతో కూడిన పని. అప్పటికైనా ఆ గ్యాసు మొదట వెళ్లేది విద్యుత్ కేంద్రాలకే గాని మోటార్‌సైకిళ్లకు కాదు.

హైడ్రోజన్ గురించి జపాన్ తయారీదారులు పట్టుదలతో ఉన్నారు. హోండా, యమహా, సుజుకి, కవాసాకి 2023లో టయోటాతో కలిసి చిన్న హైడ్రోజన్ ఇంజిన్ల పరిశోధనకు సంఘంగా ఏర్పడ్డాయి. కవాసాకి 2024 జులైలో సుజుకా పందేల మైదానంలో హైడ్రోజన్ మోటార్‌సైకిల్‌ను నడిపి చూపింది. ఇంజిన్ పనిచేస్తుంది, శబ్దమూ ఉంటుంది. చిక్కు ట్యాంకుతోనే: 700 బార్ల పీడనంలో నింపినా హైడ్రోజన్ అదే శక్తికి పెట్రోలు కన్నా ఐదు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. కారులో సర్దుకునే ఆ బరువైన సీసాలు మోటార్‌సైకిల్ వెనుక పెట్టెల్లోకి చేరక తప్పలేదు.

కొబ్బరి పుష్కలంగా పండే దీవుల్లో కొబ్బరి నూనె ఎందుకు కాకూడదన్న ప్రశ్న తరచు వస్తుంది. పసిఫిక్‌లోని బూగన్‌విల్ దీవిలో 1990లలో దిగ్బంధం కారణంగా ఇంధనం అందనప్పుడు జనం కొబ్బరి నూనెతో వాహనాలు నడిపారు. అవి డీజిల్ ఇంజిన్లు. పెట్రోలు మోటార్‌సైకిల్‌కు ఆ నూనె పనికిరాదు. జనరేటర్లలోని డీజిల్‌లో కొంత కలిపే మార్గం మాత్రం తెరిచే ఉంది.

ఎవరు బాగు చేస్తారు, ఎక్కడ పారేస్తారు

ఇంధనం కన్నా ముందు బండిని నిలబెట్టేది మెకానిక్. కార్బురేటర్ విప్పి, జెట్టు ఊది, ప్లగ్గు గీకి అరగంటలో బండిని కదిలించే విద్య ఈ దేశంలో వీధివీధినా ఉంది. విద్యుత్ బండికి కదిలే భాగాలు తక్కువ, మరమ్మతులూ తక్కువ. వచ్చిన మరమ్మతు మాత్రం స్క్రూడ్రైవరుతో తీరదు. కంట్రోలర్ చెడిపోతే కొత్తది చెన్నై నుంచో కోల్‌కతా నుంచో రావాలి. ఉప్పుగాలికి వైర్ల కనెక్టర్లు పచ్చబారిపోవడం తీరప్రాంతాల్లో అనుభవమే. మోటారునూ బ్యాటరీనీ నీరు చొరకుండా మూసి ఉంచినా, కలిపే కీళ్లన్నీ అంత భద్రంగా ఉండవు. బండిని తీసుకుని మాయాబందర్ వెళ్లాలంటే సుమారు 80 కిలోమీటర్లు. వెళ్లగలదు, అక్కడ ఛార్జింగ్ దొరక్కపోతే ఆ రోజు తిరిగి రాలేదు. తైవాన్ దీవిలో గోగోరో సంస్థ 2015 నుంచి ఖాళీ బ్యాటరీ ఇచ్చి నిండినది తీసుకునే కేంద్రాల వ్యవస్థను విస్తరించి ఈ చిక్కును అధిగమించింది. అక్కడ స్కూటర్లు లక్షల్లో ఉన్నాయి గనుక ఆ వ్యాపారం నిలబడింది. ఉత్తర అండమాన్‌లో అంత సంఖ్య లేదు. ప్రభుత్వమో విద్యుత్ శాఖో పూనుకుంటే తప్ప ప్రైవేటు పెట్టుబడి రావడం సందేహమే.

భద్రత విషయంలో తెలుగు రాష్ట్రాల అనుభవం చేదుగా ఉంది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇళ్లలో ఛార్జింగ్‌లో ఉన్న విద్యుత్ బండ్ల బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. ఆ పరంపర తరువాత కేంద్రం ఏఐఎస్-156 ప్రమాణాన్ని సవరించి, బ్యాటరీ సెల్స్, ఛార్జర్, ఉష్ణ నియంత్రణ పరీక్షలను కఠినం చేసింది. 2022 డిసెంబరు నుంచి అవి దశలవారీగా అమల్లోకి వచ్చాయి. అంతకు ముందు తయారై చేతులు మారే పాత బండ్లు కొనేవారు తయారీ తేదీ చూసుకోవడం మంచిది. దీవులకు సంబంధించినంత వరకు మరో మెలిక ఉంది. సముద్ర రవాణా నియమాల్లో లిథియం బ్యాటరీలు ప్రమాదకర వస్తువుల తొమ్మిదో తరగతిలోకి వస్తాయి. వాటిని ఓడలో పంపడానికి ప్యాకింగు, పత్రాలు, ఖర్చు అన్నీ అధికమే.

ఆ ప్రయాణం ఒకసారితో ముగియదు. ఆరేళ్లకో ఎనిమిదేళ్లకో బ్యాటరీ నీరసిస్తుంది. 2022 ఆగస్టులో వెలువడిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడిన బ్యాటరీని సేకరించి పునర్వినియోగానికి పంపే బాధ్యత తయారీదారుడిది. ఉత్తర అండమాన్‌లో ఆ పని జరగాలంటే, పాడైన, దెబ్బతిన్న, కొన్నిసార్లు ఉబ్బిన బ్యాటరీలు డిగ్లీపూర్ నుంచి 325 కిలోమీటర్లు రోడ్డు మీద వెళ్లి, మళ్లీ అదే తొమ్మిదో తరగతి సరకుగా ఓడ ఎక్కి బంగాళాఖాతం దాటాలి.